మిగిలినవాడి వాటా

కొత్త అల్లుడికి జరిగే మర్యాద పాత అల్లుడికి జరగదు. ఇది లోకంలో అందరూ ఎరిగిన సంగతే. కొత్తవాడొస్తే బూరెలు, గారెలు, మంచంమీద కొత్త దుప్పటి. పదేళ్ళ అల్లుడొస్తే "కాళ్ళు కడుక్కో అబ్బాయ్, చారు వెచ్చపెడతాను" అంటుంది అత్తగారు. అన్యాయం జరిగిపోయిందని ఏ పాత అల్లుడూ కోర్టుకెక్కిన దాఖలా లేదు. పైగా ఆ వెచ్చపెట్టిన చారులో కాస్త ఆప్యాయత కూడా ఉంటుంది కాబట్టి ఆయన రెండు ముద్దలు ఎక్కువే తింటాడు.

కానీ ఇదే మర్యాద వ్యాపారంలోకి వచ్చేసరికి చారు కూడా ఉండదు. దినపత్రిక చందాల సంగతే చూడండి. కొత్తగా ఏడాది చందా కట్టేవాడికి ఒక సంచీ ఇస్తారు, లేకపోతే డబ్బాల సెట్టు ఇస్తారు, అదీ కాకపోతే ధరలో కొంత కోసేస్తారు. ముప్ఫై ఏళ్ళబట్టి అదే పత్రిక వేయించుకుంటున్న పెద్దమనిషికి మాత్రం నెలాఖరున బిల్లు ఇస్తారు. అప్పుడప్పుడూ ఆ బిల్లుతోపాటు "ఒకటో తారీఖు నుంచి ధర పెరిగినది, పాఠకులు సహకరించ ప్రార్థన" అన్న ముక్క కూడా ఉంటుంది. ఇక్కడ సహకరించమంటున్నది ఉన్నవాణ్ణే. మానేసినవాణ్ణి సహకరించమని అడిగేవాడెవడూ లేడు. ఏమని అడుగుతాడు, అతను దొరికితే గదా!

అంచేత ఒక చిన్న ధర్మసందేహం. నమ్మకంగా ఉండిపోయినవాడు తక్కువ ఇచ్చుకోవాలా, ఎక్కువ ఇచ్చుకోవాలా? అందరూ వెళ్ళిపోతున్న చోట మిగిలినవాడి వాటా ఎంత?

ఈ సందేహం ఎక్కడైనా రావచ్చు గాని, బందరులో వస్తే దానికో అందం ఉంది. ఎందుకంటే తెలుగుదేశంలో పత్రిక అనేదాన్ని ఇంటి మనిషిలా పెంచిన ఊళ్ళలో అదొకటి. 1902లో కొండా వెంకటప్పయ్యగారూ, దాసు నారాయణరావుగారూ కలిసి అక్కడ కృష్ణాపత్రిక మొదలుపెట్టారు. దివితాలూకా ముట్నూరులో పుట్టిన కృష్ణారావుగారు 1907లో దానికి సంపాదకులై, 1945లో కన్నుమూసేదాకా ఆ కుర్చీ దిగలేదు. సాయంత్రమయ్యేసరికి ఆ ఆఫీసులో దర్బారు తీరేదట. కవులు, ప్లీడర్లు, చిత్రకారులు, చేతిలో పని లేనివాళ్ళు, నెత్తిన పని ఉండి తప్పించుకొచ్చినవాళ్ళు అంతా అక్కడే. 1910లో జాతీయ కళాశాల పెట్టిన ఊరు అది. 1919లో పట్టాభి సీతారామయ్యగారు జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపింది కూడా అక్కణ్ణించే. ఆయనే 1923లో ఆంధ్రాబ్యాంకు పెట్టారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుట్టిల్లు బందరు, మెట్టినిల్లు మరెక్కడో అన్నది ఆ ఊరికి అలవాటైన సంగతే.

గుడివాడ వైపు పోతే పామర్రు దగ్గర ఎలకుర్రు ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఊరు. ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. అంతకు ముందే, 1893లో, అమృతాంజనం తయారుచెయ్యటం మొదలుపెట్టారు. ఆ అమృతాంజనం డబ్బే పత్రికకు ఆసరా అయింది. అంటే మన తాతలు తలనొప్పికి రాసుకున్న ప్రతి సీసాలోనూ కొంత భాగం వార్తల కింద ఖర్చయిందన్నమాట. ఈనాడు వార్తలు చదివి తలనొప్పి తెచ్చుకునేవాళ్ళకి ఈ లెక్క తలకిందులుగా కనిపించవచ్చు గాని, ఆనాటి లెక్క అదీ!

ఈ కథ ఎందుకు చెప్పానంటే, పత్రిక ఖర్చు మొత్తాన్ని చదివేవాడి చందా ఒక్కటే మోసిన రోజులు చాలా అరుదని చెప్పటానికి. ఎవరో ఒకరు పక్కన భుజం పట్టేవారు. ఒకచోట దేశభక్తి పట్టింది. ఒకచోట తలనొప్పి మందు పట్టింది. తరవాతి రోజుల్లో సబ్బులు, చీరలు, సినిమాలు, స్థలాల ప్రకటనలు పట్టాయి. మనం పత్రికకిచ్చే కొద్ది రూపాయలు ఆ కాగితానికీ, సిరాకీ, బండి కిరాయికీ కూడా చాలవని లోపలివాళ్ళందరికీ తెలుసు. మిగతాది ప్రకటనదారు పెట్టుకునేవాడు. మనం మాత్రం పల్లకీ ఎక్కి, మోసేవాళ్ళు నలుగురున్నారన్న సంగతి మరచిపోయి, చాలా చవగ్గా ప్రయాణం చేస్తున్నామని మురిసిపోయేవాళ్ళం.

ఇప్పుడా ప్రకటనదారు పల్లకీ దించేసి ఫోను వెంట వెళ్ళిపోయాడు. కాగితం ఖరీదా, అది మన చేతుల్లో లేదు. విదేశాల నుంచి వచ్చే పత్రికల కాగితం మీద 2019 బడ్జెట్టులో నూటికి పది చొప్పున సుంకం వేశారు. గగ్గోలు పుడితే 2020లో దాన్ని అయిదుకు తగ్గించారు. ఆ తరవాత కరోనా, ఓడల కొరత, 2022లో రష్యా యుద్ధం. మనకి కాగితం పంపే దేశాల్లో రష్యా ముఖ్యమైనది కూడాను. ఎక్కడో ఉక్రెయిన్‌లో ఫిరంగి పేలితే అవనిగడ్డలో అరుగుమీద కూర్చున్నాయన పత్రిక పలచబడిపోవటం ఈ కాలపు చిత్రం.

కానీ కాగితం కన్నా కఠినమైన లెక్క ఇంకొకటుంది. విలేకరి ఒకడు బందరు నుంచి నాగాయలంక వెళ్ళి, అక్కడ రైతుల్ని పలకరించి, కాలవ నీళ్ళు ఎందుకు రాలేదో కనుక్కుని రావాలంటే అయ్యే ఖర్చు ఒకటే. ఆ వార్త పదివేలమంది చదివినా అంతే, వందమంది చదివినా అంతే. పదివేలమంది ఉన్నప్పుడు తలా పైసా పడుతుంది. వందమందే మిగిలితే తలా రూపాయి పడుతుంది. ఎవడూ మోసం చెయ్యక్కరలేదు, ఎవడూ లాభం తియ్యక్కరలేదు. మనుషులు తగ్గితే చాలు, వాటా దానంతటదే పెరుగుతుంది.

ఈ లెక్క మన డెల్టా పల్లెలకు కొత్తది కాదు. గుడివాడ చుట్టుపక్కల ఏ ఊరికైనా వెళ్ళండి. మంచి మంచి డాబాలు, ముందు ఇనప గేటు, గేటుకి తాళం. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఊళ్ళో అమ్మవారి జాతర వచ్చినప్పుడు పూర్వం రెండొందల గడపలు పంచుకున్న ఖర్చు ఇప్పుడు తాళం లేని ఎనభై గడపల మీద పడుతుంది. డప్పులవాళ్ళకి ఇచ్చేది తగ్గదు, పందిరి తగ్గదు, అమ్మవారు తగ్గదు. అమెరికా వాళ్ళు డాలర్లు పంపితే సరే, పంపని ఏడాది ఊళ్ళో ఉన్నవాడే ఇచ్చుకుంటాడు. "నేను ఊళ్ళో ఉండిపోయినందుకు నాకు జరిమానాయా?" అని అతను అడగవచ్చు. సాధారణంగా అడగడు. అడగకపోవటానికి కారణముంది. ఖర్చు ఎంతయిందో, ఎవరెంత ఇచ్చారో గుడి గోడమీద రాసి పెడతారు. తన వాటా పెరిగిందని అతనికి తెలుసు, ఎందుకు పెరిగిందో కూడా తెలుసు.

ఈ తేడా దగ్గర కాస్త ఆగుదాం.

ఏదో ఒక వీధిలో ఒక రిటైర్డు మాష్టారు ఉన్నారనుకోండి. ప్రతి వీధిలోనూ ఒకాయన ఉంటారు కాబట్టి ఊహించటం కష్టం కాదు. పొద్దున్నే పేపరు కుర్రాడు సైకిలు దిగి, తల గోక్కుంటూ నిలబడతాడు.

"మాష్టారూ, ఈ నెల్నించి బిల్లు కాస్త పెరిగిందండి."

"ఎందుకు పెరిగిందిరా?"

"కాయితం పెరిగిందటండి. పైగా మన వీధిలో కాపీలు తగ్గిపోయాయండి. ఇరవై వేసేవాణ్ణండి, ఇప్పుడు నాలుగండి. నాలుగింటికీ అదే సైకిలు, అదే తొక్కుడు గదండీ."

"అంటే మానేసినవాళ్ళ బిల్లు కూడా నేనే కడుతున్నానన్నమాట!"

"మరి వాళ్ళంతా పొద్దున్నే మీ అరుగుమీదికొచ్చి మీ పేపరే చదివిపోతున్నారు గదండీ మాష్టారూ!"

కుర్రాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మాష్టారికి కోపమూ రాలేదు. ఎందుకంటే అరుగుమీద పదిమంది చేరి పేపరు చదవటం ఆయన దృష్టిలో నష్టం కింద రాదు. ఒక పేపరు పది చేతులు మారటం మన ప్రాంతంలో ముందునుంచీ ఉన్న ఆచారమే. పట్టాభిగారి రోజుల్లో కూడా చదువొచ్చినవాడు రచ్చబండ మీద పైకి చదివితే చదువురానివాళ్ళు చుట్టూ చేరి వినేవాళ్ళు. వాళ్ళెవరూ చందాదారులు కారు. కానీ అలా విన్నవాళ్ళే రేపు ఊరికి ఏదైనా వచ్చినప్పుడు నిలబడేవాళ్ళు. కాబట్టి ఉచితంగా చదివేవాడివల్ల ధర పెరగటం అనేది మాష్టారు సంతోషంగా ఒప్పుకోగల భారం.

ఆయనకి కోపం వచ్చే సందర్భం ఇంకొకటుంది. అదే పత్రికని పక్కవీధిలో కొత్తగా చేరినవాడికి సగానికిస్తున్నారని తెలిసినప్పుడు. అక్కడ కాగితం ధర ఒకటే, సైకిలు ఒకటే, తొక్కుడు ఒకటే. మరి తనకెందుకు ఎక్కువ? కారణం ఒక్కటే కనిపిస్తుంది. ఈయన ఎలాగూ మానడని వాళ్ళకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ అలవాటు మానలేడు. పొద్దున్న కాఫీతోపాటు ఆ కాగితం చప్పుడు వినకపోతే ఆయనకి తెల్లవారినట్టుండదు. ఆ బలహీనతకి వెల కట్టి బిల్లులో కలిపారు.

అందుచేత పెరిగే ధరలు రెండు రకాలు. ఒకటి బరువు పంచుకునే ధర. రెండోది కట్టుబడి ఉన్నందుకు కట్టించుకునే ధర. మొదటిది జాతర చందా వంటిది. రెండోది ఎడ్లు బాగా లాగుతున్నాయి గదా అని బండిమీద మరో రెండు బస్తాలు పడెయ్యటం వంటిది. చూడటానికి రెండూ ఒకటే, రెండింటికీ ఒకే బిల్లు. కాని మొదటిదాంట్లో చందాదారు భాగస్థుడు. రెండోదాంట్లో ఎద్దు.

ఏది ఏదో తెలుసుకోవటం ఎలాగంటే, గుడి గోడమీద రాతే గుర్తు. బరువు పంచుకోమనేవాడు లెక్క చెబుతాడు. ఎద్దుకి లెక్క చెప్పేవాడెవడూ ఉండడు.

ధరల గొడవ ఎప్పుడో సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్ళింది. పెద్ద పత్రికలు తక్కువ ధరకి ఎక్కువ పేజీలు పోసి చిన్న పత్రికల్ని మింగేస్తున్నాయని, ఇన్ని పేజీలకి ఇంత ధర ఉండి తీరాలని 1956లో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 1960లో దానికింద ఉత్తర్వు వేసింది. పూనాలోని సకాల్ అనే మరాఠీ పత్రిక కోర్టుకెక్కింది. విచిత్రమేమంటే దానితోపాటు ఇద్దరు పాఠకులు కూడా పిటిషన్లు వేశారు. చదివేవాళ్ళం మేం, ధర పెరిగినా పేజీలు తగ్గినా నష్టపోయేవాళ్ళం మేం అని. 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఒక పత్రికని బతికించటానికి ఇంకో పత్రిక గొంతు నొక్కటం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమంది. తీర్పు న్యాయమైనదే. అయితే చిన్న పత్రిక ఎలా బతకాలన్న ప్రశ్న మాత్రం కోర్టు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. అది కోర్టు తీర్చేది కాదు మరి.

చిన్న పత్రికలు ఎలా పోయాయో అందరికీ తెలుసు. ఎవరూ పగబట్టి చంపలేదు. గుడివాడ దగ్గర పెదపారుపూడి నుంచి వెళ్ళిన రామోజీరావుగారు 1974లో విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభించారు. 1989లో ఆ పత్రిక జిల్లాకొక చిన్న అనుబంధం వెయ్యటం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. అంతకు ముందు రాష్ట్రవార్తల మధ్య మన ఊరి పేరు ఎప్పుడో పుణ్యానికి పడేది. ఇప్పుడు రోజూ మన మండలం, మన వీధి, మన పంచాయితీ. పాఠకుడికి పండగే. ఊళ్ళో కిరాణా కొట్టువాడూ, ట్యుటోరియల్ కాలేజీవాడూ తమ చిన్న ప్రకటనల్ని అక్కడే వేసుకున్నారు. ఆ చిన్న ప్రకటనల మీద బతికే పక్షపత్రికలూ, వారపత్రికలూ, చేత్తో అక్షరాలు కూర్చి తొక్కుడు మిషను మీద అచ్చేసే ప్రెస్సులూ ఒకటొకటే మూతపడ్డాయి. పెద్ద బస్సు వస్తే జట్కాలు పోవటం సహజమే. కాని జట్కాలన్నీ పోయాక, ఖర్చు కలిసిరావటం లేదని బస్సు ట్రిప్పులు తగ్గిస్తే? 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా పత్రికలు చేసింది అదే. జిల్లా పేజీలు కుదించి అసలు పత్రికలో కలిపేశాయి. ఇప్పుడు బస్సూ అరకొరగా వస్తుంది, జట్కా లేదు. టిక్కెట్టు మాత్రం పెరిగింది.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి. పోయిన చిన్న పత్రికలన్నీ కృష్ణాపత్రికలు కావు. "ప్రకటన ఇస్తారా, వార్త వెయ్యమంటారా?" అని గుమాస్తాల్ని బెదిరించి బతికినవీ ఉన్నాయి. ఏడాదికి రెండు సంచికలు వేసి, ఆ రెండూ కోర్టు నోటీసుల కోసమే వేసినవీ ఉన్నాయి. అటువంటివి పోయినందుకు కన్నీరు పెట్టనక్కరలేదు. అలాగే పెద్ద పత్రికల తరఫున ఊరూరా తిరిగే కంట్రిబ్యూటర్లకి అందే జీతం ఎంతో, వాళ్ళచేత ప్రకటనలు కూడా తెప్పించే ఆచారం ఎంత ఉందో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళని అడిగితే తెలుస్తుంది. పాత చందాదారు ఎక్కువిచ్చిన రూపాయి నాగాయలంక వెళ్ళి వార్త తెచ్చినవాడిదాకా చేరకపోతే, ఆ రూపాయికి ధర్మం పేరు పెట్టటానికి వీల్లేదు.

ఇంతకీ ఊరి పత్రిక పోతే నష్టమేమిటి? ఫోనులో అన్నీ వస్తున్నాయి గదా అంటారు. వస్తున్నాయి. ట్రంపు ఏమన్నాడో క్షణంలో వస్తుంది. సినిమా నటుడి పెళ్ళి ఎవరితోనో ముందే వస్తుంది. కోడూరు చివరి భూములకి కాలవ నీళ్ళు ఏ తారీఖున వదులుతారు, ఉప్పునీరు పైకెక్కిన ఎకరాలు ఎన్ని, మునిసిపాలిటీ టెండరు ఎవరికి పోయింది, మోపిదేవి తిరణాలకి దారి బాగుచేశారా లేదా అన్నవి మాత్రం ఎవరో ఒకరు కాళ్ళరిగేలా తిరిగి కనుక్కుంటేనే వస్తాయి. ఆ తిరిగేవాడికి కూలి ఎవరివ్వాలన్నదే మొత్తం వ్యవహారం.

1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడ్డ ఉప్పెనని ఇక్కడ తలుచుకోక తప్పదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి. ఒక రాత్రిలో ఊళ్ళు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్క ప్రకారమే పదివేలమంది దాకా పోయారు. రోడ్లు తెగి, తీగలు తెగి, ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియటానికే రోజులు పట్టింది. ఏ పత్రికా సముద్రాన్ని ఆపలేదు, నిజమే. కెమెరాలు, మంత్రులు, దేశదేశాల విలేకరులు ఆ తరవాత వచ్చారు. రావలసిందే, వచ్చారు, మంచి చేశారు. వారాలు గడిచాక వెళ్ళిపోయారు. ఆ తరవాతే అసలు ప్రశ్నలు. ఏ ఊరికి ఎన్ని ఇళ్ళు వచ్చాయి? జాబితాలో ఎవరి పేరు లేదు? పొలంలో మేట వేసిన ఇసక ఎవరు తీశారు? ఇవి పెద్దవాళ్ళకి వార్తలు కావు. అక్కడే ఉండేవాడికి మాత్రమే ఇవి వార్తలు.

అంతకు ముందు 1864లో కూడా ఇలాగే ఉప్పెన వచ్చి బందరుని ముంచేసింది. ముప్ఫై వేలమంది పోయారని చెబుతారు. కృష్ణాపత్రిక పుట్టటానికి అప్పటికింకా ముప్ఫై ఎనిమిదేళ్ళుంది. పోయినవాళ్ళు మనకి ఈనాడొక అంకెగా మిగిలారు. 1977లో పోయినవాళ్ళకి పేర్లున్నాయి, బొమ్మలున్నాయి, వాళ్ళ గురించి అడిగినవాళ్ళున్నారు. అంకెకీ పేరుకీ ఉన్న దూరం ఎంతో, దాన్ని దాటించటానికి ఎవరో ఒకరు చందా కట్టి ఉండాలి.

చట్టం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రతివాది దొరక్కపోతే, అతను ఆఖరున కాపురమున్న ప్రాంతంలో తిరిగే దినపత్రికలో నోటీసు వేయించమంటుంది సివిల్ ప్రొసీజర్ కోడు. వేశాక, అతను చదివాడా లేదా అన్నదాంతో నిమిత్తం లేదు. నోటీసు అందినట్టే లెక్క. అంటే మనమంతా మన ప్రాంతపు పత్రిక చదువుతూనే ఉంటామని ప్రభుత్వంవారు ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నారు. మన పొలం వేలానికి వచ్చిందని అందులో పడితే, మనం మానేసిన పేపరు మనకి చెప్పేసినట్టే!

ఎవరూ చూడని చోట ఏమవుతుందో అమెరికావాళ్ళు లెక్క కట్టారు. అక్కడ 2005 నుంచి ఇప్పటికి మూడువేలకు పైగా స్థానిక పత్రికలు మూతపడ్డాయి. ఊరి పత్రిక మూతపడిన తరవాత ఆ ఊరి మునిసిపాలిటీలు తెచ్చుకునే అప్పుల మీద వడ్డీ పెరుగుతున్నదని అక్కడి ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధించి తేల్చారు. అప్పిచ్చేవాడి ఆలోచన చాలా సూటిగా ఉంది. ఈ ఊళ్ళో ఇక అడిగేవాడు లేడు, డబ్బు ఎటు పోతుందో తెలియదు, కాబట్టి వడ్డీ ఎక్కువ తీసుకుంటాను. ఆ వడ్డీ కట్టేది మళ్ళీ పన్ను కట్టే జనమే. పేపరు మానేసి మిగిల్చుకున్న డబ్బు ఇంకో జేబులోంచి పోతున్నదన్నమాట.

ఉచితంగా వచ్చే వార్తకీ ఖరీదు ఉంటుంది. దాన్ని చదివేవాడు కట్టకపోతే, చదివించాలనుకున్నవాడు కడతాడు. ఎన్నికల్లో నిలబడ్డవాడు కట్టవచ్చు, స్థలాలు అమ్మేవాడు కట్టవచ్చు. డబ్బెవడిదో మాటా వాడిదే. బందరు పక్కన చిలకలపూడివాళ్ళు తరతరాలుగా రోల్డుగోల్డు నగలు చేస్తున్నారు. పేరున్న పని. ఎందుకు పేరొచ్చిందంటే, వాళ్ళు రోల్డుగోల్డుని రోల్డుగోల్డనే చెప్పి అమ్ముతారు. ఫోనులో వచ్చే వార్త తనకి ఎవరు పూత పూశారో చెప్పదు. అసలు బంగారమనే చెప్పుకుని మెళ్ళో పడుతుంది.

మరి మాష్టారు ఒక్కరే మొయ్యాలా? ఇక్కడ మనవాళ్ళు ఎప్పుడో ఒక ఉపాయం చేసి పెట్టారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. చదివేవాడూ కడతాడు, చదవనివాడూ కడతాడు, గేటుకి తాళం వేసి అమెరికా వెళ్ళినవాడూ కడతాడు. ఆ ఎనిమిది పైసలు సక్రమంగా గ్రంథాలయానికి చేరి, అక్కడ బల్లమీద నాలుగు పత్రికలు, అందులో ఒక్కటైనా ఆ ప్రాంతపుది ఉంటే, మాష్టారి అరుగుమీద బరువు కొంత తగ్గుతుంది. వసూలైన పన్ను గ్రంథాలయానికి చేరుతున్నదా లేదా అన్నది మళ్ళీ ఎవరు అడగాలి? ఊరి పత్రికే అడగాలి. చూశారా, ఎటు తిరిగినా అక్కడికే వస్తాం.

కాబట్టి మొదటి సందేహానికి నాకు తోచిన సమాధానం ఇది. మిగిలినవాడి వాటా పెరగటం పాపం కాదు. అది లెక్క, దాన్ని ఒప్పుకోవటం పెద్దమనిషి తరహా. కాని ఎక్కువ ఇచ్చేవాడికి కొన్ని హక్కులు పుడతాయి. ఎందుకు పెరిగిందో చెప్పించుకునే హక్కు ఉంది. అదే వస్తువుకి కొత్తవాడికన్నా తాను ఎక్కువ ఇవ్వకుండా ఉండే హక్కు ఉంది. తన ఊరికి ఒక పేజీ, ఆ పేజీ కోసం తిరిగేవాడికి సరైన కూలి ఉండాలని పట్టుబట్టే హక్కు ఉంది. ఈ మూడూ దక్కిన చోట పాత చందాదారు కొంచెం ఎక్కువిచ్చినా చిన్నబోడు. గుడిగోడ మీద తన పేరు పక్కన అంకె పెరిగితే ఎవడూ చిన్నబోడు గదా.

ఈ మూడూ దక్కని చోట ఏం చెయ్యాలి? మనవాళ్ళలో విశ్వాసం అంటే నోరు మూసుకుని ఉండటమని ఒక అపోహ ఉంది. ముట్నూరివారి దర్బారుకి వెళ్ళినవాళ్ళు ఆయన రాసినదానికల్లా తల ఊపి వచ్చేవాళ్ళు కారు. వాదించేవాళ్ళు, పోట్లాడేవాళ్ళు, మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చేవాళ్ళు. అదీ విశ్వాసం. మానెయ్యగలిగి కూడా మానకుండా ఉండేవాడి మాటకే విలువ. మానలేనివాడిది అలవాటు. అలవాటుకి ఎవరైనా ధర పెంచుతారు, కాఫీకి పెంచటం లేదూ?

అంచేత పాత చందాదార్లకి ఒక మనవి. ఈసారి బిల్లుతోపాటు "సహకరించ ప్రార్థన" అన్న చీటీ వస్తే చింపెయ్యకండి. దాని వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. అక్కడే నాలుగు ముక్కలు రాసి పంపండి. మా మండలం వార్త నిన్న ఎందుకు పడలేదు, పెరిగిన రూపాయిలో మా ఊరు తిరిగే కుర్రాడికి ఎంత పోతుంది, కొత్తవాళ్ళకి ఎంతకిస్తున్నారు అని. జవాబొస్తే అడిగినంతా కట్టండి. రాకపోతే మరో ఉత్తరం రాయండి. ఉత్తరాలు రాసే చందాదారు ఒక్కడు మిగిలున్నా, ఆ పత్రిక ఇంకా పత్రికేనని వాళ్ళకీ గుర్తుంటుంది.